రై లాగర్‌ను రుచి చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మేము ఆరుగురు మిత్రులం నెలకు ఒక సాయంత్రం కూర్చుని, ఏదో ఒక్క రకం బీరును కొద్దికొద్దిగా పోసుకుని దాని రంగు, వాసన, రుచి నోటు పుస్తకంలో రాసుకుంటాం. మా పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువ పేజీలు నిండింది రై లాగర్‌తోనే. అప్పటి నుంచి శ్రీకాకుళంలో ఉన్న బంధువులు, ఆఫీసులో పక్క సీటువాళ్ళు, ఓడల మీద పనిచేస్తూ సెలవులకు వచ్చే మన జిల్లాల కుర్రాళ్ళు అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. వాళ్ళు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, నాకు తెలిసినంత మేరకు జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనడానికి, తాగడానికి 21 ఏళ్ళు నిండాలి. ఇది ఆ వయసు దాటినవారి కోసం.

## కొనకముందు

రై అంటే ఆవాలా? ఆవాలతో బీరు చేస్తారా?

కాదు. హిందీలో ఆవాలను రాయీ అంటారు కాబట్టి ఈ అనుమానం అందరికీ వస్తుంది. రై అనేది గోధుమకు, బార్లీకి దగ్గరి చుట్టమైన ధాన్యం. గింజ గోధుమ కంటే సన్నగా, పొడుగ్గా, బూడిద రంగులో కొంచెం పచ్చ ఛాయతో ఉంటుంది. పోలండ్, జర్మనీ, రష్యా వంటి చలి దేశాల్లో ఎక్కువగా పండుతుంది. గోధుమ సరిగా రాని ఇసుక నేలల్లోనూ, గట్టి చలిలోనూ రై నిలబడుతుంది. మన మెట్ట భూముల్లో చోళ్ళు, అంటే రాగులు, ఏ పని చేశాయో అక్కడ రై ఆ పని చేసింది. నల్లటి, బరువైన రొట్టె రూపంలో తరాల తరబడి పేదల కడుపు నింపింది.

లాగర్ అంటే ఏమిటి? మనం చూసే మామూలు బీరు కాదా?

మన దుకాణాల్లో కనిపించే సీసాల్లో చాలావరకు లాగర్లే. తేడా అంతా ఈస్ట్‌లోనూ, చల్లదనంలోనూ ఉంది. లాగర్ ఈస్ట్ సుమారు 8 నుంచి 13 డిగ్రీల చలిలో నెమ్మదిగా పులియబెడుతుంది. ఆ తర్వాత బీరును సున్నా డిగ్రీలకు దగ్గరగా కొన్ని వారాలు కదపకుండా ఉంచుతారు. జర్మన్ భాషలో నిల్వ ఉంచడం అనే అర్థమున్న మాట నుంచే లాగర్ అనే పేరు వచ్చింది. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన లాగర్ ఈస్ట్‌ను పెంచాడు. ప్రతిసారీ ఒకే తీరు బీరు రావడం అక్కడి నుంచి సాధ్యమైంది.

వెచ్చగా పులిసే ఏల్ బీర్లలో ఈస్ట్ తనవైన పళ్ళ వాసనలు, లవంగం వాసనలు కలుపుతుంది. లాగర్‌లో ఈస్ట్ గొంతు తగ్గించుకుంటుంది, ధాన్యం గొంతు వినిపిస్తుంది. రై రుచి ఏమిటో తెలుసుకోవాలంటే లాగర్ రూపంలోనే తెలుసుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

రై ఎంత కలుపుతారు? మొత్తం రైతోనే చేయవచ్చు కదా?

రై లాగర్‌లో సాధారణంగా రై 10 నుంచి 20 శాతం ఉంటుంది, మిగిలింది బార్లీ మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. కొందరు 30 శాతం దాకా వెళ్తారు. అంతకు మించితే కాచేవాళ్ళకు కష్టాలు మొదలవుతాయి. బార్లీ గింజకు పొట్టు ఉంటుంది. గింజను వేడినీళ్ళలో నానబెడితే వచ్చే తీపి రసాన్ని వడగట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడగా పనిచేస్తుంది. రైకి పొట్టు అంటిపెట్టుకుని ఉండదు. పైగా రైలో పెంటోసాన్లనే జిగురు పీచు పదార్థాలు ఎక్కువ. నానబెట్టిన మెంతుల నీళ్ళు వేళ్ళ మధ్య ఎలా సాగుతాయో తలచుకోండి. పెద్ద గంగాళమంతా అలా తయారైతే రసం కిందికి దిగదు. అప్పుడు వాళ్ళు చేసే ఉపాయం మన రైసుమిల్లుల వాళ్ళకు నచ్చుతుంది: వరి ఊక కలుపుతారు. ఊక రుచిని మార్చదు, రసానికి దారి ఇస్తుంది.

సగానికి పైగా రై వేసిన బీరు కూడా ఉంది. జర్మనీలో దాన్ని రోగెన్‌బియర్ అంటారు. 1516 నాటి బవేరియా చట్టం బీరుకు బార్లీ తప్ప మరో ధాన్యం వాడకూడదన్నది. గోధుమ, రై రొట్టెకు మిగలాలన్నది దానికి చెప్పే కారణాల్లో ఒకటి. చాలాకాలం తర్వాత, 1988లో, బవేరియాలోని షీర్లింగ్‌లో రై బీరును మళ్ళీ తయారుచేశారు. అయితే ఆ రకం వెచ్చగా పులిసే ఈస్ట్‌తో చేసేది, లాగర్ కాదు.

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ దొరుకుతుందా?

మా ఊరి మామూలు దుకాణాల్లో రై లాగర్ నాకు ఎప్పుడూ కనిపించలేదు. బెంగళూరు, హైదరాబాదు, పుణె, గురుగ్రామ్ వంటి నగరాల్లో బీరును అక్కడికక్కడే కాచి పోసే చోట్లు ఉన్నాయి. వాటిలో కొన్ని ఏడాదిలో కొన్ని నెలలు రై వాడతాయి. వెళ్ళినప్పుడు పలకమీద పేరు చూసి వదిలేయకండి, "ఇప్పుడు రై వేసినది ఏదైనా ఉందా?" అని అడగండి. మాకు 60 కిలోమీటర్ల దూరంలో విశాఖపట్నం ఉంది కాబట్టి ముందు అక్కడ వాకబు చేయడం మా అలవాటు.

వేరే రాష్ట్రం నుంచి మద్యం తెచ్చుకోవడం మీద ఆంక్షలు ఉన్నాయి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాయే కదా అని సంచిలో వేసుకుని రాకండి. ఎక్సైజ్ నిబంధనలు ముందే తెలుసుకోండి. ప్రయాణంలో ఉన్నప్పుడు అక్కడే కూర్చుని తాగి, నోటు పుస్తకంలో రాసుకుని రావడమే నాకు మంచిదనిపిస్తుంది. అక్కడ బీరు తాజాగా కూడా ఉంటుంది.

సీసా మీద ఏమి చూసి కొనాలి?

మొదట తయారైన తేదీ. రై లాగర్ దాచిపెట్టుకునే కొద్దీ మెరుగయ్యే రకం కాదు. మూడు నెలల లోపుదైతే సంతోషం, ఆరు నెలలు దాటితే నేను కొనను. తర్వాత సీసా రంగు. బీరుకు చేదు కోసం వేసే హాప్స్ పువ్వుల్లోని చేదు పదార్థాలు వెలుతురు తగిలితే విరిగి దుర్గంధాన్ని పుట్టిస్తాయి. గోధుమ రంగు సీసా దీన్ని బాగా అడ్డుకుంటుంది. ఆకుపచ్చది అంతగా అడ్డుకోదు, తెల్ల గాజు అసలు అడ్డుకోదు. అన్నిటికంటే భద్రం డబ్బా.

మూడోది ఆల్కహాలు శాతం. మన దేశంలో 5 శాతం వరకు మామూలు బీరు, అంతకు మించి 8 శాతం వరకు స్ట్రాంగ్. రై లాగర్లు ఎక్కువగా 4.5 నుంచి 5.5 మధ్య ఉంటాయి. 7, 8 శాతం ఉన్నదానిలో ఆల్కహాలు వేడి ముందుకొచ్చి ధాన్యాన్ని కప్పేస్తుంది.

నాకు బాగా గుర్తున్న నష్టం ఒకటి చెబుతాను. ఒక వేసవిలో, పేరు చెప్పను, ఒక దుకాణంలో ఎంతో ఇష్టపడి ఒక సీసా కొన్నాను. పెట్టెలు వాకిట్లో ఎండలో పేర్చి ఉన్నాయి. చూస్తూనే కొన్నాను. ఇంటికి వచ్చి తీస్తే తడిసిన అట్టపెట్టె వాసన తప్ప మరేమీ లేదు. ఆ బీరు కాచినవాడి కష్టమంతా ఆ వాకిట్లో ఆవిరైపోయింది. ఇప్పుడు నేను తేదీ కంటే ముందు పెట్టెలు ఎక్కడ పెట్టారో చూస్తాను.

## ఇంటికి తెచ్చాక

ఫ్రిజ్‌లోనే పెట్టాలా? కరెంటు పోయి మళ్ళీ వేడెక్కితే పాడవుతుందా?

ఫ్రిజ్‌లో, నిలువుగా పెట్టండి. పడుకోబెడితే బీరుకు, లోపలున్న గాలికి తగిలే వైశాల్యం పెరుగుతుంది, అడుగున ఉండవలసిన మడ్డి పక్కకు పాకుతుంది. చల్లబడినది ఒకసారి వేడెక్కితే చాలు, పనికిరాదన్న మాట అతిశయోక్తి. మొత్తం మీద ఎన్ని గంటలు, ఎంత వేడిలో గడిపింది అన్నదే లెక్క. రెండు గంటలు కరెంటు పోతే దిగులు పడనక్కరలేదు. మే నెలలో కారు డిక్కీలో ఒక పూట ఉంచితే మాత్రం దిగులు పడవలసిందే.

ఎంత చల్లగా ఉండాలి? ఐసు వేయవచ్చా?

ఐసు వద్దు. కరిగిన నీళ్ళు బీరును పలచన చేస్తాయి, బుడగల్ని చెదరగొడతాయి.

రై లాగర్‌కు 6 నుంచి 9 డిగ్రీలు సరిగ్గా ఉంటుంది. ఫ్రిజ్‌లో సాధారణంగా 4 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి బయటికి తీసి చలికాలంలో పదిహేను నిమిషాలు, మే నెలలో ఐదు నిమిషాలు ఆగితే చాలు. గడ్డకట్టేంత చలిలో నాలుక మొద్దుబారుతుంది, ముక్కుకు వాసన అందదు. ఎండలోంచి వచ్చి దాహంతో తాగేవాళ్ళకు అతి చల్లదనం హాయిగా ఉంటుంది, నిజమే. అందుకే రుచి చూసే ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి దాహం తీర్చుకోండి.

బీరులో గ్లిజరిన్ కలుపుతారట. సీసాను నీళ్ళలో తలకిందులుగా ముంచి తీసేయాలా?

దయచేసి ఆ పని చేయకండి. ఈ నమ్మకం మన దేశమంతటా ఉంది, మా ఇంట్లో పెద్దవాళ్ళు కూడా చేయగా చూశాను. మూత తీసిన సీసాను నీళ్ళ గ్లాసులో బోర్లిస్తే తీగలా ఏదో కిందికి జారుతుంది. దాన్ని గ్లిజరిన్ అనుకుంటారు. అది బీరే. బీరులో మిగిలిన చక్కెరలు, పిండి పదార్థాల వల్ల అది నీటి కంటే సుమారు ఒక శాతం బరువుగా ఉంటుంది. బరువైనది కిందికి దిగుతుంది, తేలికైన నీరు సీసాలోకి ఎక్కుతుంది. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న బీరును పారబోసి, దాని చోట నీళ్ళు నింపుతున్నారన్నమాట. పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తానే లీటరుకు ఒకటి రెండు గ్రాముల గ్లిజరాల్‌ను తయారుచేస్తుంది. అది బీరంతటా కరిగి ఉంటుంది, అడుగున పేరుకోదు, ముంచితే విడిగా బయటికి రాదు.

## గ్లాసులో పోసేటప్పుడు

స్టీలు గ్లాసు సరిపోతుందా?

సరిపోదు, రంగు కనపడదు. పైన కొంచెం సన్నబడే గాజు గ్లాసు ఉంటే వాసన నిలుస్తుంది. లేకపోతే పొడుగ్గా ఉండే ఏ గాజు గ్లాసైనా ఫరవాలేదు. గ్లాసు ఆకారం కంటే శుభ్రత ఎక్కువ ముఖ్యం. పప్పు, పెరుగు తాకిన స్పాంజితో కడిగిన గ్లాసులో జిడ్డు మిగిలి ఉంటుంది, జిడ్డు నురుగును చంపేస్తుంది. కొత్త స్పాంజితో తోమి, సబ్బు పూర్తిగా పోయేదాకా కడిగి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. బీరు పోశాక గ్లాసు గోడలకు బుడగలు అంటుకుని కదలకుండా ఉంటే అక్కడ జిడ్డో దుమ్మో ఉన్నట్టు.

నురుగు రాకుండా పోయాలి కదా?

నురుగు వస్తేనే మంచిది. గ్లాసును సగం వంచి మొదలుపెట్టి, చివరికి నిలబెట్టి పోసి రెండు వేళ్ళ మందం నురుగు రానివ్వండి. వాసనను పైకి మోసుకొచ్చేది ఆ నురుగే. నురుగుగా బయటికి రాక బీరులోనే ఉండిపోయిన వాయువు కడుపులోకి పోయి ఉబ్బరం చేస్తుంది. రైలోని మాంసకృత్తులు, జిగురు పీచు వల్ల దీని నురుగు మామూలు లాగర్ కంటే చిక్కగా ఉంటుంది, త్వరగా కూలదు. తాగుతూ ఉంటే గ్లాసు గోడ మీద గుటక గుటకకూ ఒక తెల్లని గీత మిగులుతుంది. మా మిత్రుల్లో ఒకరికి ఈ గీతలు లెక్కపెట్టడమంటే ఎంతో ఇష్టం.

మసకగా ఉంది. పాడైనట్టేనా?

కాకపోవచ్చు. వడగట్టని రై లాగర్ కొంచెం మసకగానే ఉంటుంది, రైలోని అదే జిగురు పీచు దానికి కారణం. రంగు లేత బంగారం నుంచి రాగి ఛాయ దాకా ఉండవచ్చు. రై మాల్టు సన్నని ఎరుపును ఇస్తుంది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే అది బాగా తెలుస్తుంది. మసకతో పాటు పుల్లని వాసన ఉంటేనో, తెల్లని పలుకులు తేలుతుంటేనో పక్కన పెట్టేయండి.

## ముక్కుతో

వాసన ఎలా చూడాలి?

గ్లాసును మెల్లగా తిప్పి, ముక్కు దగ్గరికి తెచ్చి, పొట్టిగా రెండు మూడు సార్లు పీల్చండి. ఒకేసారి దీర్ఘంగా పీల్చితే ముక్కు అలసిపోతుంది. ఏమీ తెలియకపోతే మీ మోచేతి చర్మాన్నో, వేసుకున్న నూలు చొక్కానో ఒకసారి వాసన చూసి మళ్ళీ రండి. గదిలో అగరుబత్తి, ఇంగువ పోపు, అత్తరు ఉండకూడదు. సిగరెట్టు సంగతి చెప్పనే అక్కరలేదు.

ఎక్కడ చదివినా కారవే, పంపర్‌నికెల్ అని ఉంటుంది. నేను అవి ఎప్పుడూ తినలేదు. నేనేమి రాసుకోవాలి?

ఈ పేజీ మొత్తంలో నేను మనసు పెట్టి జవాబు చెప్పాలనుకున్న ప్రశ్న ఇదే. పంపర్‌నికెల్ అనేది గంటల తరబడి కాల్చే జర్మన్ రై రొట్టె. కారవే మన షాజీరకు దగ్గరి చుట్టం, రై రొట్టెల్లో వేసే గింజ. అక్కడివాళ్ళకు రై అనగానే ఆ గింజ వాసన తలపుకు వస్తుంది, నిజానికి అది రై వాసన కాదు. వాళ్ళు వాళ్ళ వంటింటి నుంచి మాటలు తెచ్చుకున్నారు. మనం మన వంటింటి నుంచి తెచ్చుకోవాలి.

మా పుస్తకంలో రై లాగర్ పేజీల్లో ఉన్న మాటలు ఇవి: మూకుట్లో వేయించిన చోడిపిండి. పెనం మీద అంచు మాడిన జొన్నరొట్టె. పొయ్యి మీది నుంచి దించిన ఉలవలు. వాన పడ్డ కళ్ళం, ఎండుగడ్డి. దంచిన మిరియాలు, ఇంకా నూనె వదలని ధనియాలు. కొంచెం ముదురు రంగు మాల్టు వేసిన వాటిలో తాటిబెల్లం. హాప్స్ వైపు నుంచి దవనం, మరువం, ఎండిన తులసి. ఒకరు "కొత్త గోనెసంచి" అని రాశారు. మొదట ఒప్పుకోలేదు గానీ, రెండోసారి వాసన చూశాక అందరం ఒప్పుకున్నాం.

వీటిలో ఏదీ పరీక్షలో మార్కుల కోసం కాదు. మీకు ఏది గుర్తొస్తే అది రాయండి, పక్కవాళ్ళది చూడకముందే రాయండి. చిన్నప్పటి నుంచి ఆవ పెట్టిన కూరలో ఆవ ఎక్కువైందో తక్కువైందో ఇట్టే పసిగట్టిన ముక్కు మీది. దానికి కొత్తగా చదువు చెప్పనక్కరలేదు, అది చెప్పేది నమ్మితే చాలు.

హాప్స్ అంటే ఏమిటి? గంజాయి జాతి అని విన్నాను, మత్తు పదార్థమా?

హాప్స్ ఒక తీగకు కాసే పువ్వులు, చూడటానికి చిన్న ఆకుపచ్చ మొగ్గల్లా ఉంటాయి. వృక్షశాస్త్రం ప్రకారం అది గంజాయి కుటుంబానికే చెందింది. కానీ గంజాయిలో మత్తు కలిగించే పదార్థం హాప్స్‌లో లేదు. బీరుకు చేదును, సువాసనను ఇవ్వడానికి, కొన్ని సూక్ష్మజీవుల్ని అడ్డుకోవడానికి దీన్ని వేస్తారు.

## నాలుకతో

ఎంత పోసుకోవాలి? ఎలా తాగాలి?

మనిషికి 100 నుంచి 120 మి.లీ. చాలు. 330 మి.లీ. సీసా ముగ్గురికి సరిపోతుంది. మొదటి గుటక నోటిని సిద్ధం చేయడానికే, దానితో తీర్పు చెప్పకండి. రెండో గుటకను నాలుక అంతటా తిప్పి మింగి, నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. రుచిగా మనం అనుకునేదానిలో చాలా భాగం గొంతు వెనక నుంచి ముక్కుకు చేరే వాసనే. మూడో గుటక తర్వాత ఏమీ తాగకుండా ఒక నిమిషం ఆగండి. రై గొప్పదనం ఆ నిమిషంలో ఉంది. మామూలు లాగర్ రుచి అప్పటికి మాయమవుతుంది. రై మాత్రం నాలుక పక్కల్లో పొడిగా, గింజ నమిలినట్టు నిలిచి ఉంటుంది. అడుగున మిగిలిన కొంచెం గది వేడికి వచ్చాక మళ్ళీ చూడండి, అదే గ్లాసులో మరో రుచి దొరుకుతుంది.

మిరియాల ఘాటు ఉంటుందన్నారు. నాకు ఏమీ తెలియలేదు.

మిరియాల చారులోని ఘాటు కోసం వెతికితే తెలియదు. ఇది మంట కాదు, మింగాక వచ్చే సన్నని పొడి గరుకు. ఎండుమిర్చి, పచ్చిమిర్చి రోజూ తినే మన నాలుకకు ఇది చిన్న గొంతు. రుచి చూసే రోజు మధ్యాహ్నం భోజనంలో కారం తగ్గించండి, ఊరగాయ మానండి. రై లేని మామూలు లాగర్‌ను పక్క గ్లాసులో పోసి ఒకదాని తర్వాత ఒకటి చూడటం అన్నిటికంటే మంచి పద్ధతి. తేడా వెంటనే పట్టుబడుతుంది. లవంగం వాసన గట్టిగా వస్తే మాత్రం అది రై పని కాదు, వెచ్చగా పులిసే ఈస్ట్ పని.

నోట్లో నూనెలా జారుతోంది. ఇది లోపమా?

లోపం కాదు, రై సంతకం. గంజి వార్చిన అన్నానికీ, గంజి ఇంకిన అన్నానికీ ఉన్న తేడా లాంటిది. బుడగలు చురుక్కుమంటున్నా అడుగున మెత్తని నిండుదనం ఉంటుంది. మంచి రై లాగర్‌లో ఈ రెండూ కలిసి ఉంటాయి. మెత్తదనం ఎక్కువై నోరు జిడ్డుగా తోస్తే కాచినవాళ్ళు రై వాటా ఎక్కువ వేశారని నా అభిప్రాయం.

మేము తాటికల్లు, జీలుగు కల్లు తాగినవాళ్ళం. దీనిలో ఏమి తేడా కనిపిస్తుంది?

కల్లు చెట్టు రసం, దానిలో ముందే చక్కెర ఉంటుంది. గాలిలోని, కుండలోని ఈస్ట్‌లు, బాక్టీరియాలు తమంతట తామే పులియబెడతాయి. ఉదయం తియ్యగా, సాయంత్రానికి పుల్లగా మారుతుంది. బీరులో గింజను మొలకెత్తించి, ఆరబెట్టి, వేడినీళ్ళలో నానబెట్టి పిండిని చక్కెరగా మార్చాలి. ఆ తర్వాత ఎంచి పెట్టిన ఒకే ఈస్ట్‌కు ఆ పని అప్పగిస్తారు. కాబట్టి కల్లు అలవాటున్నవారికి లాగర్ మొదట చప్పగా, పులుపు లేనట్టు తోస్తుంది. పులుపు కోసం కాకుండా గింజ కోసం వెతకండి. సిక్కింలో లింబూ ప్రజలు చోళ్ళను పులియబెట్టి, వేడినీళ్ళు పోసి గొట్టంతో పీల్చే తోంగ్బా తాగుతారు. కల్లు కంటే ఆ తోంగ్బాయే రై బీరుకు దగ్గరి బంధువని నాకనిపిస్తుంది.

## తిండితో

నంచుకోవడానికి ఏమి పెట్టుకోవాలి?

రుచి చూస్తున్నంతసేపూ ఏమీ వద్దు, ఉప్పు లేని మరమరాలు, నీళ్ళు చాలు. ఆ తర్వాతి గ్లాసుకు మన జిల్లాల్లో దొరికేవే గొప్ప తోడు. పలాస జీడిపప్పును నేతిలో కాకుండా పొడి మూకుట్లో లేతగా వేయించి, చిటికెడు ఉప్పు చల్లండి. జీడిపప్పు తీపి, రై పొడిదనం ఒకదాన్నొకటి పైకి లేపుతాయి. భావనపాడు, కళింగపట్నం వైపు నుంచి వచ్చే చేపను ఉప్పు, పసుపు, మిరియాలతో పెనం మీద కాల్చినా బాగుంటుంది. నాకు అన్నిటికంటే నచ్చినది ఉద్దానం పనసతో చేసిన పనసపొట్టు ఆవ పెట్టిన కూర, అన్నం లేకుండా చెంచాతో. ఆవ ఘాటు ముక్కుకు ఎక్కి దిగుతుండగా రై వచ్చి నాలుకను తుడుస్తుంది. స్వీట్లు మాత్రం వద్దు, తీపి తిన్న నోటికి బీరు ఉత్త చేదుగా తగులుతుంది.

కారం తింటే బీరు మంటను తగ్గిస్తుంది కదా?

చల్లదనం ఒక క్షణం ఊరటనిస్తుంది, అంతే. మిరప మంటను నాలుక పట్టుకునే చోటనే ఆల్కహాలు కూడా తడుతుంది. బుడగల చురుకు, హాప్స్ చేదు దానికి తోడవుతాయి. మంట తగ్గాలంటే పెరుగు, మజ్జిగ మేలు.

## ఏదో తేడాగా ఉన్నప్పుడు

వాసన బాగా లేదు. నాకు అలవాటు లేకనా, బీరు పాడైందా?

ఈ గుర్తులు చూడండి. తడి అట్ట వాసన వస్తే పాతబడింది, వేడికి గురైంది. కుళ్ళిన, జంతువు వాసన వంటిది సీసా తీయగానే కొడితే ఎండ తగిలింది. కరిగిన వెన్న వాసన వస్తే చల్లని నిల్వలో తగినన్ని రోజులు ఉంచలేదు, లేదా పోసే గొట్టాలు శుభ్రంగా లేవు. ఉడికించిన మొక్కజొన్న వాసన తయారీలో మరిగించడం చాలనప్పుడు వస్తుంది, సన్నగా ఉంటే కొందరు దాన్ని ఇష్టపడతారు కూడా. కోసిన పచ్చి గుమ్మడి, పచ్చి ఆపిల్ వాసన తొందరపడి ముందే బయటికి తీసిన బీరుది. పెరుగు పులుపు ఉంటే వేరే సూక్ష్మజీవులు చేరాయి. వేయించిన గింజ, గడ్డి, మిరియం, మట్టి వాసనలు మాత్రం లోపాలు కావు, రై ఇచ్చేవే.

## ఆరోగ్యం, చట్టం

బీరు తాగితే కిడ్నీలో రాళ్ళు పోతాయంటారు. నిజమేనా?

దీన్ని మందుగా ఎవరూ తాగకండి. ఆల్కహాలు మూత్రాన్ని ఎక్కువ చేస్తుంది, దానితో పాటు ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. రాళ్ళున్నవారికి కావలసింది మంచినీళ్ళు, డాక్టరు సలహా. ఈ మాట మన ప్రాంతంలో మరింత గట్టిగా చెప్పాలి. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానంలో ఎన్నో కుటుంబాలు మూత్రపిండాల జబ్బుతో చితికిపోయాయి. ఆ జబ్బు పైకి లక్షణాలు కనిపించకుండానే ముదురుతుంది. ఆ ఊళ్ళవారైతే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. క్రియాటినిన్ పెరిగి ఉంటే రుచి చూసే మాట డాక్టరుతో మాట్లాడాకే.

2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యానికి ముప్పు లేని మద్యం పరిమాణమంటూ ఏదీ లేదని ప్రకటించింది. 5 శాతం ఉన్న 330 మి.లీ. సీసాలో సుమారు 13 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. మా సాయంత్రాల్లో ఒక్కొక్కరికి దానిలో మూడో వంతు మాత్రమే పోయడానికి ఇదీ ఒక కారణం.

గోధుమ పడదు. రై అయితే ఫరవాలేదా?

పడదు. రైలోనూ, బార్లీలోనూ గ్లూటెన్ జాతి మాంసకృత్తులు ఉన్నాయి. సీలియాక్ జబ్బున్నవారు రై లాగర్ ముట్టుకోకూడదు. గర్భిణులు, కాలేయ జబ్బున్నవారు, మద్యంతో పడని మందులు వాడుతున్నవారు కూడా దూరంగా ఉండాలి.

కొంచెమే కదా, బండి నడపవచ్చా?

వద్దు. చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. చిన్న ఒంటివారికి, ఖాళీ కడుపున తాగినవారికి అది అనుకున్నదానికంటే త్వరగా దాటుతుంది. మా ఇంటికి వచ్చేవాళ్ళు ఆటోలో వస్తారు, ఆటోలో వెళ్తారు.

రై గింజలు తెప్పించి ఇంట్లోనే చేసుకోవచ్చా?

లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం మన రాష్ట్రంలో నేరం. రై పిండితో రొట్టె చేసుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

నేను తాగను. అయినా మీతో కూర్చోవచ్చా?

తప్పకుండా రండి. వాసన చూడటానికి, రంగు చూడటానికి, రాయడానికి తాగనక్కరలేదు. చోడిపిండి, జొన్నపిండి, బార్లీ, దొరికితే రై పిండి, వీటిని విడివిడిగా పొడి మూకుట్లో వేయించి నాలుగు గిన్నెల్లో పెడతాం. గ్లాసు వాసన ఏ గిన్నెకు దగ్గరగా ఉందో పోల్చడం మాతో పాటు మీరూ చేయవచ్చు. ఆ గిన్నెలు పెట్టే అలవాటు మా అమ్మ వల్ల వచ్చింది. ఆవిడ జీవితంలో మద్యం ముట్టలేదు. ఒక సాయంత్రం మేము ఒక రై లాగర్ వాసనకు పేరు దొరక్క చాలాసేపు వాదించుకుంటుంటే, వంటింట్లోంచి వచ్చి గ్లాసు అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "చోళ్ళు వేయించి దించాక మూకుడు చల్లారుతున్నప్పటి వాసన రా" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ నెల పేజీలో మొదటి వరుస అదే.